ఎంత ఉంటే చాలు?

ఈ మాటలు రేడియోలో విన్నవారు మీలో కొందరున్నారు, మొదటిసారి చదువుచున్నవారూ ఉన్నారు. ఈ దినము మన ముందున్న ప్రశ్న చిన్నదే. మనిషికి ఎంత ఉంటే చాలు?

సాయంకాలము నిజామాబాద్ బజారులో కాసేపు నిలబడి చూడండి. బంగారు దుకాణములు, సెల్‌ఫోన్ దుకాణములు, వాయిదాల మీద ఫ్రిజ్‌లు, మోటారు సైకిళ్లు. మన జిల్లా నుండి వేలాదిమంది దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లి, ఎండలో కష్టపడి పంపిన సొమ్ముతో ఊరూరా మేడలు లేచాయి. వాటిలో కొన్ని మేడలలో ముసలి తల్లిదండ్రులు ఇద్దరే ఉంటారు. ఇల్లు కట్టించినవాడు రెండేళ్లకొకసారి వచ్చి, నెల రోజులుండి, మళ్లీ విమానమెక్కుతాడు. ఆ ఇంట్లో సంతోషము ఉన్నదా లేదా అని బయటినుండి తీర్పు చెప్పుటకు నేనెవరిని? అయినా అడగవలసిన ప్రశ్నే.

ముందుగా ఒక సంగతి స్పష్టము చేయాలి. డబ్బుతో సంతోషము రాదని కడుపు నిండినవాడు ఆకలిగొన్నవానికి చెప్పకూడదు. అది బోధ కాదు, నిర్దయ. బోధన్ సంగతే చూడండి. మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాయి, చెరుకు పండింది, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని దానికి పేరు. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటువారి చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. 2019లో కంపెనీని రద్దుచేసి ఆస్తులు అమ్మవలసినదని ట్రిబ్యునల్ ఆదేశించింది. రావలసిన జీతముల కొరకు కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. అటువంటి ఇంటి ఇల్లాలితో "ఉన్నదానితో తృప్తిపడమ్మా" అని చెప్పగలమా? ఆమెకు రావలసినది ఆమెకు రావాలి. దానిని అడుగుట దురాశ కాదు.

కాబట్టి ఈ ప్రసంగము ఆమెకు కాదు. తిండికి, బట్టకు, పిల్లల చదువుకు, మందులకు సరిపోయిన తరువాత కూడ ఇంకా, ఇంకా అని పరుగెత్తే మన కొరకు. పంట ఎక్కువైనందున ఉన్న కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టాలనుకున్న ఆ ధనవంతుని కథ మీకు తెలిసినదే.

బోధన్ ఫ్యాక్టరీ వెలసిన ఆ 1937వ సంవత్సరములోనే, ఫిబ్రవరిలో, అమెరికాలోని టైమ్ పత్రిక నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బొమ్మను ముఖచిత్రముగా వేసి, లోకములో అందరికంటె ధనవంతుడని వ్రాసింది. ఆయనకు 184 క్యారెట్ల జాకబ్ వజ్రముండేది. దానిని కాగితములు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకొనేవాడని ప్రసిద్ధి. నవ్వు వస్తుంది గాని, ఆలోచించండి. మనము కన్నెత్తి చూడలేని వజ్రము ఆయనకు ఒక రాయి అయిపోయింది. మన ఇంటిలో కొత్త టీవీ కూడ అంతే. మొదటి వారము గుడ్డతో తుడుస్తాము, ఆరో నెలలో దానిమీద దుమ్ము మనకు కనబడదు. కొత్తొక వింత, పాతొక రోత అని మన పెద్దలు ఊరకనే అన్నారా?

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూశారు. 1978లో ప్రచురించిన ఒక అధ్యయనములో, అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పెద్ద లాటరీ గెలిచిన 22 మందిని అదే ప్రాంతములవారితో పోల్చారు. సంతోషములో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. పైగా స్నేహితునితో మాట్లాడుట, ఉదయము టిఫిను తినుట వంటి చిన్న సంగతులలో గెలిచినవారికి కలిగే ఆనందము ఇతరులకంటె తక్కువైంది. 22 మంది చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. ఆదాయము పెరిగేకొద్దీ చాలామందికి సంతోషము కూడ పెరుగుతుందని 2023లో వచ్చిన మరి పెద్ద అధ్యయనము చెప్పింది. దానిని మీనుండి దాచుట న్యాయము కాదు. అయితే ఆ పెరుగుదల ఎటువంటిదో గమనించండి. నెలకు పదివేలు వచ్చేవానికి ఇరవైవేలు వస్తే కలిగే మార్పు, లక్ష వచ్చేవానికి కలగాలంటే రెండు లక్షలు కావాలి. పైకి పోయేకొద్దీ మెట్లు ఎత్తవుతాయి.

ఇప్పుడు నిజామాబాద్ నుండి హైదరాబాదు దారిలో ఉన్న డిచ్‌పల్లికి రండి. 1907లో ఇజబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ, ఆమె భర్త పాదిరి జార్జి కెర్ ఈ ప్రాంతమునకు వచ్చారు. ఇక్కడ కుష్ఠురోగులకు వైద్యము చేసే చోటే లేదని ఆమె చూచింది. ఆ రోజులలో ఆ రోగమంటే ఏమిటో పెద్దవారికి జ్ఞాపకముంటుంది. భూమి ఉన్నవాడైనా, బంగారమున్న ఇంటి కోడలైనా, మచ్చ కనబడితే ఊరి బయటకే. ఉన్న ఆస్తి ఒక్క దినములో పనికిరానిదయ్యేది. 1911లో వారు నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయము కట్టారు, అది త్వరలోనే చాలకపోయింది. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే ధనవంతుడు పెద్ద విరాళమిచ్చాడు. ఆయన హిందువు, వారు క్రైస్తవ మిషనరీలు. అయినా ఆయన చేయి వెనుకకు తీయలేదు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు.

అప్పుడు నేటి మందులు లేవు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. ఆ సూది చాల నొప్పి. అయినను రోగులు వచ్చారు. ఎందుకు వచ్చారు? నూనె కొరకు మాత్రమే కాదని నా అభిప్రాయము. తమ చేయి పట్టుకొని చూచే మనిషి అక్కడ ఉన్నది. ఇజబెల్ కెర్ 1932లో మరణించింది, ఆమె భర్త 1938 వరకు ఆ పనిలో ఉన్నాడు. నర్సాగౌడ్ సొమ్ములో ఆయన దాచుకున్నది ఏమైందో నాకెందుకు? ఇచ్చినది మాత్రము మన జిల్లా చరిత్రలో చేరింది.

ఇవ్వడమంటే రాజాలకే చెల్లునా? కాదు. 2008లో కెనడాలో ఒక పరీక్ష చేశారు. ఉదయము కొందరికి ఐదు డాలర్లు, కొందరికి ఇరవై డాలర్లు ఇచ్చి, సగము మందిని తమ కొరకు, సగము మందిని ఇతరుల కొరకు సాయంత్రములోగా ఖర్చు చేయుమన్నారు. ఇతరుల కొరకు ఖర్చు చేసినవారే సాయంత్రము ఎక్కువ సంతోషముగా ఉన్నారు. ఐదా ఇరవైయా అన్నది లెక్కకు రాలేదు. చిత్రమేమంటే, ఎవరు ఎక్కువ సంతోషిస్తారని వేరే విద్యార్థులను అడిగితే, ఇరవై డాలర్లు తమ కొరకే వాడుకున్నవారని చెప్పారు. మనమూ అట్లే చెప్పియుండేవారము.

ఈ వారము మీరే చేసి చూడండి. యాభయ్యో వందో పక్కన పెట్టండి. పక్కింటి ముసలమ్మకు మందు బిళ్లలు కావచ్చు, మనుమడు గల్ఫులో ఉన్న తాతతో కలిసి హోటలులో రెండు ఛాయలు కావచ్చు. ఛాయ అయితే ఆయన ఎదుట కూర్చుని త్రాగండి, డబ్బులిచ్చి వచ్చేయకండి. ఆ సాయంత్రము మీకెట్లున్నదో మాకొక కార్డు ముక్క వ్రాయండి. ఎంత ఖర్చయినది వ్రాయనక్కరలేదు.