పాత ఛాయాచిత్రాలలో వ్యక్తుల గుర్తింపు: పాఠ పరిష్కరణ దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రపై, సంఘ చరిత్రపై వెలువడుతున్న సిద్ధాంత గ్రంథాలలో ఛాయాచిత్రాల వినియోగం ఇటీవల బాగా పెరిగింది. ఒక పద్యాన్ని ఉదాహరించినప్పుడు అది ఏ ముద్రణలోనిదో, ఏ పుటలోనిదో చూపడం పరిశోధకుడు తన విధిగా భావిస్తాడు. అదే పరిశోధకుడు ఎదుటి పుటలో అచ్చువేసిన చిత్రంలోని వ్యక్తి ఫలానావారేనని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో చూపడం మాత్రం అరుదు. నన్నయ, పోతనల ఊహాచిత్రాలూ గురజాడ ఛాయాచిత్రమూ ఒకే పరిమాణంలో ఒకే గోడమీద వేలాడే తరగతి గదులలో చదువుకున్నవారికి ఈ ప్రశ్న తోచకపోవడంలో వింత లేదు.

చిత్రం కింద ఉన్న పేరు కూడా ఒక పాఠమే. దానిని ఎవరో ఒకరు ఒకానొక కాలంలో, తమకు తెలిసిన మేరకు, ఒక ప్రయోజనం కోసం రాశారు. మరొకరు దానిని చూసి ఎత్తిరాశారు. కాబట్టి తాళపత్ర ప్రతులలో పరిష్కర్త వెతికే మాతృక, ప్రత్యంతరం, లేఖక ప్రమాదం, ప్రక్షిప్తం అనేవి చిత్రవ్యాఖ్యలలోనూ ఉంటాయి. ముఖాల పోలికతో గుర్తింపు మొదలుపెట్టడం చాలామందికి సహజంగా తోచే మార్గం. నిజానికి అది చివరగా చూడవలసిన సాక్ష్యం. ఈ విషయాన్ని బాగా వెల్లడించే రెండు ప్రసిద్ధ చిత్రాలను, పేరే లేని మరికొన్ని చిత్రాలను ఇక్కడ పరిశీలించవచ్చు.

ఫిలడెల్ఫియా చిత్రం: వ్యాఖ్య కాలం, చిత్ర కాలం

అమెరికాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలకు చెందిన ఒక చిత్రం భారతీయ పాఠకులకు సుపరిచితం. మూడు దేశాల దుస్తులలో ముగ్గురు యువతులు అందులో ఉన్నారు. దాని తేదీ 1885 అక్టోబరు 10. కింద అచ్చైన వ్యాఖ్య వారిని డాక్టర్ ఆనందబాయి జోషీ, సెరానిసోర్, ఇండియా. డాక్టర్ కెయి ఒకామి, టోకియో, జపాన్. డాక్టర్ టబాత్ ఎం. ఇస్లాంబూలీ, డమాస్కస్, సిరియా అని పేర్కొంటుంది. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషీ గురించి రాసిన ప్రతివారూ ఈ చిత్రాన్ని వాడుకుంటారు. వ్యాఖ్యను పదం పదంగా చదివేవారు తక్కువ.

మొదటి పదం ‘డాక్టర్’. ఆనందీబాయి పట్టా పొందింది 1886 మార్చిలో. ఒకామి 1889లో, ఇస్లాంబూలీ 1890లో పట్టభద్రులయ్యారు. చిత్రం తీసిననాటికి ముగ్గురూ విద్యార్థినులే. ఆ బిరుదును యథార్థంగా తీసుకుంటే వ్యాఖ్య 1890కి ముందుది కాజాలదు. అప్పటికి ఆనందీబాయి మరణించి మూడేళ్లు దాటింది. ఆమె 1887 ఫిబ్రవరి 26న కన్నుమూసింది. అంటే చిత్రానికి ఒక కాలం, దానిలోని వారిని పేర్కొన్న మాటలకు మరొక కాలం ఉండే అవకాశం బలంగా కనిపిస్తున్నది. కళాశాల తన విదేశీ పట్టభద్రులను లోకానికి చూపదలచిన ప్రయోజనం ఆ మాటల వెనుక ఉందనుకోవడం అసంగతం కాదు.

రెండవది ‘సెరానిసోర్’. ఆ పేరుగల ఊరు లేదు. ఆనందీబాయి అమెరికా వెళ్లేముందు, తంతి తపాలా శాఖలో ఉద్యోగి అయిన భర్త గోపాలరావుతో కలకత్తా సమీపంలోని శ్రీరాంపూరులో నివసించింది. ఆంగ్లేయులు ఆ ఊరిని ‘సెరాంపోర్’ అని రాసేవారు. రోమన్ లిపిలో చేతిరాతలోని ‘ఎమ్’ అక్షరాన్ని ‘ఎన్, ఐ’ అనే రెండక్షరాలుగా, ‘పి’ని ‘ఎస్’గా పొరబడితే సెరాంపోర్ సెరానిసోర్ అవుతుంది. తెలుగు ప్రతులలో ‘వ’, ‘న’ల తారుమారును, ‘ప’, ‘ష’ల తారుమారును చూసిన పరిష్కర్తకు ఇది పరిచితమైన లేఖక ప్రమాదమే. ఈ తప్పు వల్ల ఒక లాభం కూడా ఉన్నది. అచ్చు వ్యాఖ్యకు వెనుక చేతిరాత మాతృక ఒకటి ఉండి ఉంటుందనీ, అచ్చుకు కూర్చినవారికి భారతదేశపు ఊళ్లతో పరిచయం లేదనీ అది సూచిస్తుంది. తప్పును సవరించి ‘శ్రీరాంపూర్’ అని మాత్రమే ఇచ్చే ఆధునిక రచనలు ఆ ఆధారాన్ని చెరిపివేస్తున్నాయి.

మూడవది ‘టబాత్’. ఇతర రచనలలో ఇదే వ్యక్తి ‘సబాత్’గా కనిపిస్తుంది. ఇద్దరు వ్యక్తులేమోనన్న సందేహం కలగవచ్చు. అరబ్బీలో ఈ పేరు మొదటి అక్షరాన్ని కొన్ని ప్రాంతాలవారు ‘త’కు దగ్గరగా, కొందరు ‘స’గా పలుకుతారు. కాబట్టి ఇవి ఒకే పేరుకు రెండు లిప్యంతరాలు. పాఠాంతరాలను చూసి వ్యక్తులను పెంచకూడదన్నది కవుల కాలనిర్ణయ చర్చలలో తెలుగు పరిశోధకులు ఎన్నడో నేర్చుకున్న పాఠం.

ఇన్ని దోషాలున్నా ఈ చిత్రంలోని గుర్తింపు చెక్కుచెదరదు. దానికి కారణం ముఖాలు కావు, దుస్తులూ కావు. చీర కట్టిన స్త్రీ భారతీయురాలని దుస్తులు చెప్పగలవు. ఆమె ఆనందీబాయి అని చెప్పలేవు. ఆ సంవత్సరం ఆ కళాశాలలో ఆ దేశాల నుంచి వచ్చి చదువుతున్నవారు ఎవరన్న విషయమే గుర్తింపును నిలబెడుతున్నది. విడిగా లభిస్తున్న ఆనందీబాయి చిత్రాలతో పోలిక ఆ తరువాత వచ్చే బలం మాత్రమే.

అట్ట, గాజు పలక, రంగు

గుర్తింపుకు ముందు కాలనిర్ణయం జరగాలి. ఛాయాచిత్ర కళ 1839లో లోకానికి వెల్లడైంది. తడి కొలోడియన్ పద్ధతి 1851లో వచ్చింది. పరిచయపత్రమంత అట్టపై అతికించే చిన్న చిత్రాలకు పారిస్‌లో డిస్డేరి 1854లో పేటెంటు పొందాడు. అంతకన్న పెద్దదైన క్యాబినెట్ అట్ట 1860ల మధ్య నుంచి వ్యాపించింది. కాబట్టి 1858లో మరణించిన వ్యక్తి చిత్రమని చెబుతూ క్యాబినెట్ అట్టను చూపితే, ముఖాన్ని చూడనక్కరలేకుండానే దానిని సందేహించవచ్చు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్‌కు ‘రాజా’ బిరుదు 1894లో లభించింది. ఆ బిరుదుతో అచ్చైన అట్ట ఉంటే ఆ ప్రతి 1894 తరువాతిదని చెప్పవచ్చు. కాని పాత గాజు పలక నుంచి ఎన్నేళ్లకైనా కొత్త ప్రతి తీయవచ్చు. అట్ట చెప్పేది ప్రతి కాలాన్ని, చిత్రం తీసిన కాలాన్ని కాదు. లేఖక కాలాన్ని కవికాలంగా భ్రమించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

రంగుల విషయం తెలుగు కుటుంబ చిత్రాలకు మరింత ముఖ్యం. 19వ శతాబ్దపు పలకలు నీలికాంతిని ఎక్కువగా గ్రహించేవి. ఎరుపును దాదాపు గ్రహించేవి కావు. అందువల్ల లేత నీలిరంగు చీర చిత్రంలో తెల్లగా పడుతుంది. పసుపు ముదురుగా పడుతుంది. కుంకుమ నల్లని చుక్క అవుతుంది. చామనఛాయ ముఖం కూడా ముదురుగానే పడటం వల్ల ఆ చుక్క ముఖవర్ణంలో కలిసిపోవచ్చు. ‘తెల్లచీర, బొట్టు లేదు, కాబట్టి ఈమె ఇంటిలోని వితంతువు’ అన్న తర్కంతో ఒక కుటుంబ చిత్రంలో మేనత్తను గుర్తిస్తే, భర్త బతికున్న కోడలిని విధవను చేసినట్లు కావచ్చు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించిన తరం గురించి చిత్రాల ఆధారంగా రాసేవారు ఈ సాంకేతికాంశాన్ని విస్మరించరాదు.

కుడియెడమల తారుమారు కూడా అంతే. లోహపు రేకుపై నేరుగా పడే చిత్రాలు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. అమెరికా బందిపోటు బిల్లీ ది కిడ్ ఎడమచేతివాటం వాడన్న ప్రతీతి అలాంటి చిత్రం నుంచే పుట్టింది. అతని చేతిలోని తుపాకీకి తూటాలు ఎక్కించే భాగం ఉండవలసిన పక్కన లేకపోవడంతో అసలు సంగతి తేలింది. గాజు పలకను వెనక్కి తిప్పి ముద్రించినా ఇదే జరుగుతుంది. పైట ఏ భుజంమీద ఉందన్నదాన్ని బట్టి స్త్రీ ప్రాంతాన్ని నిర్ణయించేముందు, చిత్రంలో ఎక్కడైనా అక్షరాలున్నాయేమో, అవి సరిగా చదవబడుతున్నాయేమో చూడాలి.

ఇవో జిమా: సాక్షులు, వస్తువులు

సాక్షులు బతికే ఉన్నారు, చిత్రం లోకప్రసిద్ధం, విచారణ జరిపింది ప్రభుత్వం. అయినా ఒక చిత్రంలోని ఆరుగురి పేర్లు స్థిరపడటానికి 74 ఏళ్లు పట్టింది. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా ద్వీపంలోని సురిబాచి కొండపై అమెరికా సైనికులు జెండా నిలుపుతుండగా అసోసియేటెడ్ ప్రెస్‌కు చెందిన జో రోసెన్థాల్ తీసిన చిత్రమది. ఆరుగురి ముఖాలూ దాదాపు కనిపించవు. రోసెన్థాల్ పేర్లు రాసుకోలేదు. చిత్రం అమెరికాలో సంచలనమయ్యాక ప్రభుత్వానికి పేర్లు అవసరమయ్యాయి. సైనికుడు రెనే గాన్యన్ చెప్పినదానిపై ప్రధానంగా ఆధారపడి ఆరు పేర్లు ప్రకటించారు. అప్పటికే వారిలో ముగ్గురు యుద్ధంలో మరణించారు.

వారిలో హ్యాన్సెన్ అని ప్రకటించిన వ్యక్తి నిజానికి హార్లన్ బ్లాక్ అని మరో సైనికుడు ఐరా హేస్‌కు తెలుసు. విషయం ప్రకటితమైపోయింది కనుక మౌనంగా ఉండమని పై అధికారి అతనికి చెప్పాడు. యుద్ధం ముగిశాక 1946లో హేస్ టెక్సస్‌లోని బ్లాక్ తల్లిదండ్రుల ఇంటికి స్వయంగా వెళ్లి నిజం చెప్పాడు. 1947లో మొదటి సవరణ జరిగింది. తమ కొడుకు గురించి ఏమీ ప్రకటించని చిత్రం ఒక కుటుంబానికి ఏమిటో, ఆ ప్రయాణం వల్ల ఏమి మారిందో ఊహించవచ్చు.

తరువాతి సవరణలకు దారితీసినవారు అధికారులు కారు, చిత్రాలను ఓపికగా పరిశీలించిన ఔత్సాహిక చరిత్రకారులు. అదేరోజు అక్కడ తీసిన ఇతర ఛాయాచిత్రాలను, చలనచిత్రపు ముక్కలను పక్కపక్కన పెట్టి వారు ముఖాలను కాక వస్తువులను పోల్చారు. నౌకాదళ వైద్య సహాయకుడు జాన్ బ్రాడ్లీ ఆనాటి ఇతర చిత్రాలలో అంచు మడిచిన పంట్లాముతో కనిపిస్తాడు. జెండా చిత్రంలో బ్రాడ్లీ అనుకున్న మనిషి పంట్లాము మడత లేనిది. నడుముకు తూటాల బెల్టు ఉంది. మరొకని హెల్మెట్ పక్కన తెగి వేలాడుతున్న పట్టీ హెరాల్డ్ షుల్ట్జ్‌ను పట్టించింది. 2016లో మెరైన్ దళం బ్రాడ్లీ పేరు తొలగించి షుల్ట్జ్ పేరు చేర్చింది. 2019లో, తొలి జాబితాకు ప్రధాన సాక్షి అయిన గాన్యన్ స్థానంలో హెరాల్డ్ కెల్లర్ ఉన్నాడని తేల్చింది.

బ్రాడ్లీ అబద్ధమాడాడనుకోవలసిన పని లేదు. ఆరోజు కొండపై రెండుసార్లు జెండా నిలిపారు. మొదటిదానిలో అతని పాత్ర ఉన్నది. అతని కుమారుడు ఈ చిత్రంపై రాసిన గ్రంథం 2000లో వెలువడి, ఆపై చలనచిత్రమైంది. షుల్ట్జ్ 1995లోనే మరణించాడు. చిత్రంలో తాను ఉన్నట్లు అతడు లోకానికి ప్రకటించుకోలేదు. జ్ఞాపకం ఉన్న సాక్షి పొరబడవచ్చు, తెలిసిన సాక్షి మౌనం వహించవచ్చు. తెగిన హెల్మెట్ పట్టీకి ఆ రెండు ఇబ్బందులూ లేవు.

పేరు లేనివారు

పైన చెప్పినవన్నీ పేరున్న చిత్రాల సమస్యలు. మద్రాసు రాష్ట్రపు తెలుగు ప్రాంతాలకు సంబంధించిన అనేక పాత చిత్రాలలో సమస్య పేరు తప్పుగా ఉండటం కాదు, పేరే లేకపోవడం. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోని చిత్రాలలో మనుషులు సాధారణంగా తమ కులానికో తెగకో నమూనాలుగా నిలబడి కనిపిస్తారు. తలల కొలతలు నమోదయ్యాయి, పేర్లు కాలేదు. 1876–78 కరువు కాలంలో, అంటే రాయలసీమ జ్ఞాపకంలో ధాత కరువుగా నిలిచిన ఆ కాలంలో, సైనికాధికారి విల్లోబీ వాలెస్ హూపర్ మద్రాసు ప్రాంతంలో తీసిన ఎముకల గూళ్ల వంటి మనుషుల చిత్రాలు ఇప్పటికీ పుస్తకాలలో పునర్ముద్రితమవుతున్నాయి. వారిలో ఒక్కరి పేరైనా పాఠకునికి తెలియదు. ఈ చిత్రాలను వాడే పరిశోధకుడు ‘ఒక గిరిజన స్త్రీ’ అని రాసినప్పుడు, తనకు తెలియకుండానే థర్‌స్టన్ వ్యాఖ్యకు మరో ప్రతి తయారు చేస్తున్నాడు.

కెనడా జాతీయ గ్రంథాలయ, దస్తావేజుల సంస్థ ఈ స్థితిని మార్చే మార్గమొకటి చూపింది. ఉత్తర ప్రాంతంలో తీసిన పాత చిత్రాలలోని ఇనూయిట్ ప్రజల పేర్లు దాని రికార్డులలో లేవు. 2000ల తొలినాళ్లలో అది ఇనూయిట్ యువజనుల చేత ఆ చిత్రాల ప్రతులను గ్రామాలకు పంపించి, పెద్దలకు చూపించి, గుర్తుపట్టిన పేర్లను రికార్డులో చేర్చడం మొదలుపెట్టింది. యంత్ర సహాయంతో జరిగే ప్రయత్నాలూ ఉన్నాయి. అమెరికా అంతర్యుద్ధ సైనికుల చిత్రాల కోసం వర్జీనియా టెక్ ఆచార్యుడు కర్ట్ లూథర్ నేతృత్వంలో 2018లో మొదలైన వ్యవస్థ ముఖ పోలికతో పాటు యూనిఫారం, హోదా చిహ్నాలనూ పరిగణిస్తుంది. యంత్రం అభ్యర్థుల సంఖ్యను తగ్గిస్తుంది, నిర్ణయం మనిషికి వదిలివేస్తుంది. ముందే పేరు తెలిసిన ముఖాల నిధి ఉంటేనే ఇది పనిచేస్తుంది. ధాత కరువు చిత్రాలకు అటువంటి నిధి లేదు. మరోతరం గడిస్తే 1940ల, 1950ల కుటుంబ చిత్రాలకూ ఉండదు. ఆ చిత్రాలను చూసి ‘ఈయన మా చిన్న తాతయ్య’ అనగల పెద్దలు ఇప్పుడు ఎనభైలు దాటినవారు.

క్షేత్ర పర్యటనలో ఇటువంటి చిత్రం దొరికినప్పుడు ముందువైపుతో పాటు వెనుకవైపునూ స్కాన్ చేయాలి. ఎవరిని గుర్తుపట్టారని అడిగేముందు పేర్లు సూచించరాదు. ఇద్దరు పెద్దలను విడివిడిగా అడగాలి. వారి మాటలు కలవకపోతే రెండింటినీ పాఠాంతరాలుగా నమోదు చేయాలి. సిద్ధాంత గ్రంథంలో చిత్రం కింద పేరుతో పాటు ఆ పేరు చెప్పినవారు, చెప్పిన తేదీ, ఆధారం ఉండాలి. ఫిలడెల్ఫియా చిత్రానికైతే వ్యాఖ్య ఇలా ఉండవచ్చు: ‘ఆనందీబాయి జోషీ, కెయి ఒకామి, టబాత్ (సబాత్) ఇస్లాంబూలీ. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల విద్యార్థినులు, 1885 అక్టోబరు 10. పేర్లు చిత్రంపై అచ్చైన వ్యాఖ్య ప్రకారం. అందులోని డాక్టర్ బిరుదు ఆ తేదీకి చెల్లదు. సెరానిసోర్ అనేది శ్రీరాంపూర్‌కు లేఖక ప్రమాద రూపం.’