కావ్యనాయకుడు - రాజు: వర్జిల్ నుంచి పంపకవి దాకా

మన జహీరాబాద్ బజారులో ఒక్క గంట నిలబడితే చాలు, తెలుగూ, ఉర్దూ, కన్నడమూ మూడూ చెవిన పడతాయి. బీదరు అంత దగ్గర మరి! ఇలాంటి చోట చదువుకునే మనకు, వెయ్యేళ్ల కిందట వేములవాడ ఆస్థానంలో ఉండి కన్నడంలో భారతం రాసిన పంపకవి పరాయివాడు కాడు. రాజాశ్రయంలో ఉన్న కవి రాజును గురించి నిజం చెప్పగలడా? ఈ ప్రశ్నతో పంపకవి దగ్గరకు వెళ్లేముందు ఒకసారి రోము నగరం దాకా వెళ్లివద్దాం.

క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధం గెలిచి ఆక్టేవియన్ రోముకు తిరుగులేని ప్రభువయ్యాడు. క్రీ.పూ. 27లో 'అగస్టస్' అనే బిరుదు పొందాడు. ఆ కాలంలోనే వర్జిల్ మహాకవి లాటిను భాషలో పన్నెండు సర్గల 'ఈనియడ్' కావ్యం రాశాడు. ట్రాయ్ నగరం తగలబడుతూ ఉంటే ముసలి తండ్రిని భుజాన మోసుకుని, చిన్న కొడుకును చేయిపట్టి నడిపించుకుంటూ బయటపడ్డ ఈనియస్ ఇందులో నాయకుడు. రోమను జాతికి అతడే మూలపురుషుడు. అతని కొడుకు యూలస్ పేరుమీదనే జూలియస్ సీజర్ వంశం వెలిసిందని కవి చెబుతాడు. ఆ సీజరు దత్తపుత్రుడే అగస్టస్! అంటే కథ పాతదే గాని, దానివల్ల వన్నెకెక్కింది కొత్త సింహాసనమన్నమాట.

అయితే ఇది వట్టి భజన కాదు. ఈనియస్ గొప్పతనం భుజబలంలో కన్నా కర్తవ్యనిష్ఠలో ఉంది. ఆ నిష్ఠకు ఎవరు బలి అవుతున్నారో కూడా వర్జిల్ దాచలేదు. దేవతల ఆజ్ఞ అని ఈనియస్ ఓడ ఎక్కి వెళ్లిపోతే, అతన్ని ప్రేమించిన కార్తేజి రాణి డైడో ప్రాణం తీసుకుంటుంది. పరలోకంలో కనిపించిన తండ్రి, లొంగినవారిని కాపాడమనీ, గర్వించినవారిని అణచమనీ బోధిస్తాడు. తీరా కావ్యం చివర శత్రువు టర్నస్ గాయపడి ప్రాధేయపడుతుంటే, ఈనియస్ కోపం పట్టలేక చంపేస్తాడు. కావ్యం అక్కడే ఆగిపోతుంది. పట్టాభిషేకం లేదు, మంగళహారతి లేదు! చేతికి అధికారం వచ్చిన మనిషికి తండ్రిమాట గుర్తుంటుందా అని కవి అడుగుతున్నట్లే ఉంటుంది.

ఇక మన పంపకవి. ఆయన ఏలిక రెండవ అరికేసరి వేములవాడ చాళుక్యరాజు, రాష్ట్రకూటులకు సామంతుడు. క్రీ.శ. 941 ప్రాంతంలో పంపడు 'విక్రమార్జున విజయం' రాస్తూ అరికేసరినీ అర్జునుణ్ణీ ఒక్కరిగా చేసేశాడు. అందుకోసం కథనే మార్చాడు. ద్రౌపది అర్జునుడికి మాత్రమే భార్య. చివరికి పట్టాభిషేకమూ ధర్మరాజుకు కాదు, అర్జునుడికే! వర్జిల్ రాజుకు తాతను వెతికిపెడితే, పంపడు రాజునే కథలోకి దింపాడు.

ఐనా పంపభారతం చదివినవారి మనసులో నిలిచేది ఎవరు? కర్ణుడు! ఓడిపోతానని తెలిసికూడా అన్నం పెట్టిన చేతిని విడవని కర్ణుణ్ణి కవి ఎంతో ప్రేమతో చిత్రించాడు. కిరీటం గెలిచినవాడికి దక్కింది, కంటినీరు ఓడినవాడికి దక్కింది. పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన కురిక్యాల శాసనం నేటికీ కరీంనగర్ జిల్లాలో బండమీద ఉంది. అందులో సంస్కృత, కన్నడాలతోపాటు తెలుగు కందపద్యాలూ ఉన్నాయి.

మిత్రులారా! రాజాస్థానాలు పోయినాయిగాని పొగడ్తలు పోలేదు. సభల్లో దండలు వేస్తూనే ఉన్నాం, సన్మానపత్రాలు చదువుతూనే ఉన్నాం. పొగడటం తప్పని మనలాంటివాళ్లకు ఈ ఇద్దరు కవులు ఒక దారి చూపించారు. గెలిచినవాడికి దండ వేయండి, ఫరవాలేదు. కాని ఆయన నిలబెట్టుకోవలసిన మాట ఏమిటో ఆ సభలోనే గుర్తుచేయండి. ఓడినవాడి మంచిని కూడా ఒక్క వాక్యమైనా రాయండి. అగస్టస్ లేడు, అరికేసరి లేడు. డైడో శోకమూ, కర్ణుని విశ్వాసమూ మాత్రం ఇంకా మన గుండెను తడుముతూనే ఉన్నాయి కదా!