వార్తల్లో పదం: లెండ్

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా వంటివి మెదడు పనితీరులో సహజంగా ఉండే తేడాలేనని చెప్పే భావన న్యూరోడైవర్సిటీ. ఇలాంటి తేడాలు, వైకల్యాలు ఉన్న పిల్లలకు సేవలందించే రంగాల్లో నాయకులను తయారుచేసేందుకు అమెరికా ప్రభుత్వ నిధులతో విశ్వవిద్యాలయాలు నడిపే శిక్షణే లెండ్. దీర్ఘకాలిక శిక్షణ 300 గంటలకు తగ్గదు. పిల్లల వైద్యులు, సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు ఒకే తరగతిలో కూర్చుంటారు. క్లినిక్‌లో బిడ్డను పరీక్షించడంతో పాటు చట్టసభ సభ్యులకు సమస్యను ఎలా వివరించాలో కూడా నేర్చుకుంటారు.

అసలు విశేషం మరొకటి. చాలా కేంద్రాల్లో వైకల్యం ఉన్నవారు, వారి కుటుంబసభ్యులు కూడా శిక్షణార్థులే. డాక్టరు రాసిన నివేదిక ఇంట్లోవాళ్లకు ఎలా అనిపిస్తుందో పక్క కుర్చీలోని తల్లి చెప్పగలదు. ఏ పాఠ్యపుస్తకమూ ఆ పని చేయలేదు. లెండ్‌కు ఆధారమైన అమెరికా ఆటిజం కేర్స్ చట్టాన్ని 2024 డిసెంబరులో పొడిగించారు.

మన దేశానికి వస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. మేధో వైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. లెండ్ తరగతిలోలాగే ఇక్కడ విధానాలు రాసే కమిటీల్లో ఆటిజం ఉన్నవారికీ కుర్చీ వేయాలి.