డైనమోపై అపనింద

సింగపూరు తూర్పుభాగమునందలి బెడోక్ పేటలో, బహుళాంతస్తుల గృహసముదాయములకు చేర్చి కట్టిన కారు పార్కులయందు, క్రొత్త వాహనముల వరుస నడుమ ఎప్పుడైన నొక మోరిస్ మైనరో, ఒక ఆస్టినో గుడ్డకప్పు క్రింద నిద్రించుచు కానవచ్చును. కారు నుంచుకొను హక్కును సైతము పదేండ్ల గడువుతో వేలమున కొనవలసిన ఆ నగరమున పాతబండి బ్రతికియుండుటయే అబ్బురము. బ్రతికినను, ముప్పదియైదేండ్లు నిండి క్లాసిక్ వాహన పథకమున చేరిన కారు సంవత్సరమునకు 45 దినములకు మించి వీథి కెక్కరాదని నియమము. తక్కిన దినములన్నియు కదలక పడియుండి, యజమాని యొకనాడు ముచ్చటపడి తాళము త్రిప్పగా, సెల్ఫ్ మోటారు రెండు మూల్గులు మూల్గి ఊరకుండును. వెంటనే, "డైనమో పోయినది" అని తీర్పు వెలువడును. ఈ తీర్పు పలుమార్లు అన్యాయమని నా అభిప్రాయము.

రాగితీగ చుట్టను అయస్కాంతక్షేత్రమున త్రిప్పినచో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమునకు ఫ్యాన్ బెల్టు తగిలించినచో అదియే కారు డైనమో. ఇంజను మెల్లగా తిరుగునపుడు దీని వోల్టేజి బ్యాటరీ వోల్టేజిని మించజాలదు. అట్టి వేళ బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు పారి తీగలను కాల్చకుండుటకై, రెంటి నడుమ కటౌట్ అను విద్యుదయస్కాంతపు స్విచ్చి నుంచిరి. డైనమో వోల్టేజి 13 ప్రాంతమునకు చేరినగాని అది కలియదు. కావున సిగ్నలువద్ద నిలిచిన కారులో డైనమో తిరుగుచున్నను బ్యాటరీకి చేరునది శూన్యము. బెడోక్ నుండి సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలకు వానకురియు సాయంసంధ్యవేళ పోవువాని కారులో హెడ్లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ కాయిలు కలిసి పది ఆంపియర్లకు పైగా త్రాగుచుండును. లూకాస్‌వారి సీ40 డైనమో తగిన వేగమున తిరిగినను ఇచ్చునది 22 ఆంపియర్లే. సాగినంతసేపు జమ, ఆగినంతసేపు ఖర్చు. 1960 నాటి క్రిస్లర్ వేలియంటుతో సామాన్యుల కార్లలోనికి దిగిన ఆల్టర్నేటరు ఇంజను నిదానముగా నడచునపుడును చార్జి నిచ్చి ఈ లోటు తీర్చినది. కారు పార్కులో ఇంజను నడిపించుచు కూర్చుండి బ్యాటరీ నింపుకొందమను ఆశ డైనమో బండి విషయమున వ్యర్థము. పైగా నిలిచిన బండి ఇంజను ఊరక నడుపుట సింగపూరులో నేరము కూడ.

డ్యాష్‌బోర్డుమీది ఎఱ్ఱదీపము ఆరుటను చూచి సంతృప్తిపడువారు కలరు. ఆ దీపపు ఒక కొస ఇగ్నిషన్ స్విచ్చికిని, రెండవ కొస డైనమోకును తగిలియుండును. రెండు వైపుల వోల్టేజి సమానమైనచో దీపము ఆరును. అంతకు మించి, బ్యాటరీలోనికి ఎంత విద్యుత్తు పోవుచున్నదో అది చెప్పదు.

చెప్పగలది వోల్టుమీటరు. రాత్రియంతయు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండియున్నదనియు, 12.2 చూపినచో సగమునకు దిగినదనియు స్థూలముగా గ్రహింపవచ్చును. పిమ్మట ఇంజనును కొంత వేగముగా నడిపి మరల కొలువవలెను. సంఖ్య 14 దరిదాపులకు ఎక్కినచో డైనమో నిర్దోషి. ఎక్కనిచో తొలుత బెల్టు బిగువు చూచి, అటుపిమ్మట డైనమోను ఒంటరిగా విచారింపవలెను. డీ, ఎఫ్ అను దాని రెండు టెర్మినళ్ళ తీగలను ఊడదీసి, ఆ టెర్మినళ్ళను చిన్న తీగతో ఒకటిగా కలిపి, వోల్టుమీటరు ఒక కొసను అక్కడను, రెండవదానిని బండి లోహమునకును తగిలించి, ఇంజను వేగమును మెల్లమెల్లగా పెంచవలెను. నాటి బ్రిటిషు కార్లు పెక్కింటికి పాజిటివ్ ఎర్తు గనుక మీటరు కొసలు తారుమారు చేయవలసియుండును. ముల్లు తడబడక చురుకుగా లేచిన డైనమో మంచిది. 20 వోల్టులు దాటనీయరాదు. అసలు లేవకున్న కార్బన్ బ్రష్షులను, ఒక వోల్టులోపుననే నిలిచిన ఫీల్డు చుట్టను, నాలుగైదు వోల్టులవద్ద ఆగిన ఆర్మేచరును అనుమానింపవలెను. డైనమో నెగ్గి బ్యాటరీకి మాత్రము వోల్టేజి చేరనిచో దోషము రెగ్యులేటరు పెట్టెదో, నడిమి తీగలదో. కాకి బుకిట్ వర్కుషాపులలో నైనను, మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశమున పుట్టిన మన పాత అంబాసిడరును బాగుచేయు విజయవాడ షెడ్డులో నైనను ఈ విచారణ యొక్కటియే.

నడచుచున్న ఇంజనుకు బ్యాటరీ తీగ నూడబెరికి, ఇంజను ఆగకున్న చార్జింగు బాగున్నదని తేల్చు పరీక్ష యొకటి ఇంకను ప్రచారమున నున్నది. ఆల్టర్నేటరు గల బండిలో అట్లు చేసినచో ఉవ్వెత్తున లేచిన వోల్టేజికి డయోడ్లు మాడిపోవచ్చును. ఇది పరీక్ష కాదు, హింస.

డైనమో నిర్దోషియని తేలినప్పుడు నిలిచియుండుటయే రోగము. సీసపు బ్యాటరీ పనిలేకున్నను తనంతట తాను తరుగును. ఉష్ణదేశమున ఆ తరుగుదల మరింత త్వరితము. దీనికి నెలకొకసారి ఇంటి చార్జరు పెట్టుట మేలు, లేదా అనుమతించిన దినమున ఈస్ట్ కోస్ట్ పార్క్‌వేపై చాంగీ దాక ఆగకుండ నడుపుట మేలు. హైడ్రోమీటరుతో ఆమ్లమును కొలుచువారికి మరియొక మెలకువ: శీతలదేశముల లెక్కలో నిండిన బ్యాటరీ సాంద్రత 1.270 నుండి 1.290 వరకు ఉండును గాని, వేడిమి 90 డిగ్రీల ఫారన్‌హీటును మించు దేశములకు పలుచని ఆమ్లము పోయుమని నాటి బ్రిటిషు చేపుస్తకములు చెప్పెను, ఆ బ్యాటరీ 1.210 నుండి 1.230 చూపినను నిండినట్లే. ఏ ఆమ్లము పోసిరో తెలిసికొనక 1.220 చూచి పెదవి విరచినచో, డైనమోకు వచ్చిన అపనిందయే బ్యాటరీకిని వచ్చును.