ప్యాచ్ వచ్చింది, పెట్టెదాకా చేరలేదు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా నడిస్తే కెమెరా కంటపడని చోటు దొరకడం కష్టం. బంగారం షాపులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల గుమ్మాలు, అన్నిచోట్లా ఉన్నాయి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం ఇక్కడి బస్టాపు దగ్గరా, ఏ-1 మిర్చి సెంటర్ దగ్గరా బాంబులు పేలాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలకు సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. అవసరమైన చట్టమే. కానీ కెమెరా బిగించాక దాన్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న మిగిలిపోయింది.

కౌంటర్ కింద రూటర్ పక్కన దుమ్ముపట్టి ఉండే, కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె నిజానికి ఒక కంప్యూటర్. ఓనర్ ఊళ్లో ఉండి ఫోన్‌లో షాపు చూసుకుంటున్నాడంటే ఆ పెట్టె ఇంటర్నెట్‌లో ఉన్నట్టే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలను, రూటర్లను ప్రపంచమంతటా వెతికి పట్టుకుంది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోవడమే దానికి దారి. ఆ అక్టోబర్‌లో అవన్నీ కలిసి వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి అందలేదు.

చిన్న షాపుల సంగతి సరే, పెద్ద ఆఫీసుల్లో నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండడానికే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కాక్టి అలాంటిదే. మామూలుగా ఐదు నిమిషాలకోసారి ప్రతి స్విచ్‌నూ, సర్వర్‌నూ పలకరించి గ్రాఫులు గీస్తుంది. అన్నింటితో మాట్లాడాలి కాబట్టి అన్నింటి తాళాలూ దాని దగ్గరే ఉంటాయి. అందుకే అందులో లోపం పడితే నష్టం పెద్దది.

2022 డిసెంబర్‌లో అదే జరిగింది. కాక్టిలో ఒక పేజీ, అడుగుతున్నది ఎవరో తెలుసుకోవడానికి వచ్చినవాడు పంపిన చిరునామానే నమ్ముతోంది. హాస్టల్ గేటు దగ్గర కొత్తవాడు ఓనర్ పేరు చెప్పగానే వాచ్‌మన్ లోపలికి వదిలేసినట్టు! పైగా నంబర్ రావాల్సిన చోట ఏది రాసినా తీసుకుని, సర్వర్ మీద ఆజ్ఞలా నడిపేస్తోంది. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్ చేజిక్కుతుంది. తీవ్రతకు పదికి 9.8 మార్కులు పడ్డాయి.

సరిచేయడం మాత్రం కొద్ది లైన్ల పని. బయటినుంచి వచ్చిన చిరునామాను ఊరికే నమ్మకూడదు, నంబర్ అడిగినచోట నంబరే తీసుకోవాలి. తయారీదారులు త్వరగానే ప్యాచ్ ఇచ్చారు. మరుసటి నెలలో సెన్సిస్ సంస్థ వెతికితే ఇంటర్నెట్‌లో 6,427 కాక్టి సర్వర్లు కనిపించాయి. సరిచేసిన వెర్షన్ నడుపుతున్నట్టు తేలినవి 26. ప్యాచ్ వచ్చినా సర్వర్లదాకా చేరకపోవడమే అసలు జబ్బు. ఆ దారిన దొంగలు లోపల పెట్టి వెళ్లిన వాటిలో మిరాయ్ కూడా ఉంది.

అప్‌డేట్ అంటే భయపడేవాళ్లకు ఓ కారణముంది. 2020లో సోలార్‌విండ్స్ కంపెనీ వారి ఒరాయన్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోకే దొంగ కోడ్ దూరింది. దాదాపు 18,000 సంస్థలు దాన్ని దించుకున్నాయి. 2021 జనవరిలో సీఈఓ అయిన సుధాకర్ రామకృష్ణ హయాంలో కంపెనీ తయారీ పద్ధతే మార్చింది. ఒకే కోడ్‌ను విడివిడి వ్యవస్థల్లో తయారుచేసి, ఫలితాలను పోల్చి చూడడం మొదలుపెట్టింది. అయినా అలాంటి దాడి అరుదు. పాత లోపాన్ని అలాగే వదిలేసి దెబ్బతినడం రోజూ జరిగేదే.

కెమెరాలదీ ఇదే కథ. హిక్‌విజన్ కెమెరాల్లో బయటపడ్డ తీవ్రమైన లోపానికి 2021 సెప్టెంబర్‌లో ప్యాచ్ వచ్చింది. మరుసటి ఆగస్టులోనూ 80,000కు పైగా కెమెరాలు సరికాకుండానే ఉన్నాయని సైఫర్మా సంస్థ తేల్చింది.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి. మంచి నిబంధనే, కానీ అది కొత్తవాటికి. ఇప్పటికే గోడల మీదున్నవాటి భారం షాపువాళ్లదీ, బిగించినవాళ్లదీ. ఏడాది నిర్వహణ ఒప్పందం రాసుకునేటప్పుడు, లెన్స్ తుడవడం, వైర్లు చూడడంతోపాటు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయడం, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చడం కూడా అందులో రాయించుకోవాలి. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పెట్టె అయితే, ఇంటర్నెట్ వైరు తీసి రికార్డింగ్‌కే వాడుకోవచ్చు.