సారె లేకుండా కుండ

కుండ అనగానే గిరగిరా తిరిగే సారె గుర్తొస్తుంది. కానీ పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిదదిబ్బలో బయటపడిన నవీన శిలాయుగపు పాత్రల్లో ఎక్కువ భాగం చేత్తో చేసినవే. వాటి వయసు నాలుగు వేల ఏళ్ళ పైమాటే. మణిపూర్‌లోని ఆండ్రోలో ఆడవాళ్ళు నేటికీ సారె లేకుండానే కుండలు చేస్తున్నారు. సారె మీద చెయ్యి కుదరాలంటే నెలలు పడుతుంది. మట్టిని తాడులా పేని, చుట్టల మీద చుట్టలు పేర్చే పద్ధతిలో అయితే మొదటి పూటే చిన్న గిన్నె తయారవుతుంది. కోనసీమలోని అమలాపురంలోనో కొత్తపేటలోనో ఓ పదిమంది పెద్దవాళ్ళను కూర్చోబెట్టి నేర్పడానికి ఇదే వీలు. అయితే ముందు నేర్పాల్సింది ఆకారం కాదు, మట్టిలో నీటి సంగతి.

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయల మధ్య పేరుకున్న ఒండ్రు కోనసీమ నేల. అందులోని బంకమట్టి రేణువులు పలుచటి రేకులు. మిల్లీమీటరును ఐదొందల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కన్నా చిన్నవి. రేకుల మధ్య నీటి పొర ఉంటుంది. తడిపిన రెండు గాజుపలకలు పక్కకి జారతాయేగానీ తేలిగ్గా విడిపోవు. మట్టి చెప్పినట్టు వంగడానికీ అదే కారణం. ఆరేకొద్దీ నీరు పోయి రేకులు దగ్గరపడతాయి, వస్తువు కుంచించుకుపోతుంది. దాళ్వా కోతలయ్యాక చేలు నెర్రెలు విచ్చేదీ, కుండ బీటలు వారేదీ ఈ కారణంగానే.

ఎంత కుంచించుకుంటుందో ఇంట్లోనే కొలవొచ్చు. మట్టిని బిళ్ళలా పరిచి, పుల్లతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి నీడన ఆరబెట్టాలి. ఆరాక గీత 9 సెంటీమీటర్లుంటే పదోవంతు తగ్గినట్టు. అంత తగ్గే మట్టితో కొత్తవాళ్ళు నెగ్గుకురాలేరు. సన్న ఇసుక కలిపితే ఆ తగ్గుదల దారికొస్తుంది, ఎందుకంటే ఇసుక రేణువు నీటిని పీల్చి ఉబ్బదు, ఆరినా కుంచించుకుపోదు. పొయ్యి వేసేటప్పుడు మట్టిలో ఊక కలిపిన పెద్దవాళ్ళకి ఈ కిటుకు విడిగా చెప్పక్కర్లేదు. కలిపిన మట్టిని తాడులా పేని వేలికి చుట్టి చూడాలి. పగుళ్ళు రాకపోతే పదును కుదిరినట్టే.

గిన్నెకి పిడి అతికేటప్పుడు రెండూ ఒకే పదును మీద ఉండాలి. ఒకటి ముందే ఆరిపోతే, రెండోది ఆరుతూ తగ్గి అతుకు ఊడుతుంది. అతుకు గట్టిగా పట్టడానికి అతికే చోట గీట్లు పెట్టి, మట్టిగుజ్జు పూసి నొక్కుతారు. అంచులు అడుగు కన్నా ముందే ఆరతాయి కాబట్టి వాటి మీద తడిగుడ్డ కప్పాలి. సముద్రగాలి తేమ వల్ల కోనసీమలో ఆరడం నిదానం. బీటలు పడకుండా ఉండటానికి అది మంచిదే. కానీ పైకి ఆరినట్టున్నా లోపల చెమ్మ మిగిలిపోవచ్చు. ఆవంలో వేడి 100 డిగ్రీలు దాటగానే ఆ చెమ్మ ఆవిరై, బయటికి దారి లేక, వస్తువును పేల్చేస్తుంది.

రాజోలు వైపు తీరప్రాంతపు మట్టికి ఇంకో చిక్కుంది. అందులో గుల్లముక్కలు ఉండొచ్చు. ఎక్కువ వేడికి అవి సున్నమై, ఆ తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతాయి. బాగా కాలిన కుండ కూడా కొన్నాళ్ళకి పెచ్చులూడుతుంది. మట్టిని నీళ్ళలో కలిపి గుడ్డలో వడకట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది.

కొబ్బరి డొక్కలు, మట్టలు, ఊక ఇక్కడ ఆవానికి ఇంధనం కొదవలేకుండా చేస్తాయి. మొదట సన్నసెగ చాలు. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య, రేకుల్లోనే రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. అక్కడి నుంచి మట్టి నీళ్ళలో నానినా మళ్ళీ బురద కాదు. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అక్కడే సంకోచిస్తుంది. ఆత్రపడి ఆవం విప్పితే కుండలు చిట్లడం ఇందుకే.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మొదటి ఆవంలో కొన్ని పగులుతాయి. ఆ పెంకుల్ని దంచి జల్లించి తర్వాతి మట్టిలో కలుపుకోవచ్చు. ఒకసారి కాలిన పొడి ఇక కుంచించుకోదు కాబట్టి ఇసుక చేసే పని అదీ చేస్తుంది, పైగా 573 దగ్గర ఇసుక పెట్టే పేచీ దానితో తక్కువ.