సింహళంలో ఒంటరిగా ఎనిమిది రోజులు

సింహళం పేరు మన చెవికి క్రొత్తది కాదు. రేడియో సిలోన్ పాటలు వింటూ పెరిగిన తరమొకటి మన ఇండ్లలో ఇప్పటికీ ఉన్నది. 1972లో ఆ దేశం శ్రీలంక అని పేరు మార్చుకున్నది. ఐతే చెవికి తెలిసిన దేశం కాలికి తెలిసిన దేశం కాదు. తెలిసినదే కదా అని పటం ముందు వేసుకొని, పది ఊళ్ళు ఏరుకొని, వారం రోజుల సెలవుతో ఒంటరిగా బయలుదేరేవారికి అక్కడ అడ్డువచ్చేది దూరం కాదు; వాన, కొండ, జనసమ్మర్దం. కూడబెట్టిన డబ్బు, అరుదుగా దొరికిన సెలవు వృథా పోకుండా ఉండవలెనంటే ఈ మూడింటినీ ముందే లెక్క వేసుకోవలె.

మొదట పటం కలిగించే భ్రమను తొలగించుకుందాం. శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశంలో సుమారు ఐదింట రెండు వంతులు. ఉత్తర దక్షిణాలుగా సుమారు 430 కిలోమీటర్లే. ఇంత చిన్న ద్వీపాన్ని వారంలో చుట్టిరాలేమా అనిపించడం సహజం. కాని నడిమి భాగమంతా కొండలు. అందులో ఎత్తైన పిదురుతలగల శిఖరం 2,524 మీటర్లు. కొలంబో నుండి బదుల్లకు రైలుమార్గం 290 కిలోమీటర్లు; దానికి తొమ్మిది పది గంటలు పడుతుంది. కాబట్టి అక్కడ దారిని కిలోమీటర్లతో కాక గంటలతో కొలవవలె.

రెండవది వాన. మనకు ఋతుపవనం అంటే ఊరంతటికీ ఒక్కటే. అక్కడ ఒకే నెలలో ద్వీపానికి ఒక ప్రక్క వాన, మరొక ప్రక్క ఎండ. మే నుండి సెప్టెంబరు వరకు వీచే నైఋతి ఋతుపవనం కొలంబో, గాలే తీరాలనూ, కొండల పడమటి వాలునూ తడుపుతుంది. అప్పుడు తూర్పు తీరంలోని త్రికోణమలై ప్రాంతం పొడిగా, సముద్రం ప్రశాంతంగా ఉంటవి. డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు ఈశాన్య పవనం. అప్పుడు తూర్పు, ఉత్తర భాగాలకు వాన. ఈ రెండింటి నడుమ మార్చి, ఏప్రిల్ నెలలలోను, అక్టోబరు, నవంబరు నెలలలోను మధ్యాహ్నం తిరిగిన తరువాత ఉరుములతో జల్లులు పడతవి. సంవత్సరాంతంలో బంగాళాఖాతపు తుపానుల భయమూ ఉన్నది.

కాబట్టి “ఆ దేశానికి పోవడానికి ఏ నెల మంచిది?” అన్న ప్రశ్నలో అర్థం లేదు. “నాకు సెలవు దొరికే నెలలో ఆ దేశంలో ఏ ప్రక్క మంచిది?” అన్నదే సరియైన ప్రశ్న. వేసవి సెలవులలో మే చివర వెళ్ళేవారు అనూరాధపురం మీదుగా త్రికోణమలై వైపు పోవడం మేలు. సంక్రాంతి తరువాత వెళ్ళేవారికి పడమటి తీరం, క్యాండీ అనుకూలం. నెలను బట్టి దిక్కు, దిక్కును బట్టి ఊళ్ళు.

ఉదాహరణకు ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు అనుకుందాం. విమానం దిగే కటునాయకె కొలంబోకు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మొదటినాడు దగ్గరి నెగొంబోలో విశ్రాంతి. రెండవనాడు బస్సులో దంబుల్ల. మూడవనాడు తెల్లవారగానే సిగిరియ. అయిదవ శతాబ్దంలో కాశ్యప రాజు కట్టించిన శిలాదుర్గం అది. వెయ్యికి పైగా మెట్లు. ఎండ ముదరకముందే ఎక్కి దిగవలె. సాయంత్రం దంబుల్ల గుహాలయాలు. నాల్గవనాడు క్యాండీ, అక్కడి దంతధాతు మందిరం. అయిదవనాడు తేయాకు తోటల నడుమగా పోయే రైలులో నాను ఓయ స్టేషనుకు, అక్కడినుండి నువర ఎలియకు. ఆరవనాడు కొలంబోకు తిరుగు ప్రయాణం. ఎనిమిదవనాడు విమానం.

మరి ఏడవనాడు? దానిని ఖాళీగా ఉంచవలె. ఈ పథకంలో ముఖ్యమైనది ఆ దినమే. పెద్ద వానకు కొండచరియ విరిగిపడితే ఆ రైలుమార్గం నిలిచిపోతుంది. అందుచేత బయలుదేరేముందే బండ్లు నడుస్తున్నదీ లేనిదీ విచారించుకోవలె. జ్వరం రావచ్చు, బండి తప్పవచ్చు. నలుగురు కలిసి వెళితే ఒకరు మందు తెస్తారు, ఒకరు టిక్కెట్టు మార్పిస్తారు. ఒంటరివానికి ఆ సాయం చేసేది చేతిలో మిగిలిన కాలమొక్కటే. ఖాళీ దినాన్ని మొదట పెడితే ప్రయోజనం లేదు. దూరపు మజిలీ ముగిసిన తరువాత, విమానానికి ముందు ఉండవలె. ఏ చిక్కూ రాకపోతే కొలంబోలో 1877లో స్థాపించిన జాతీయ ప్రదర్శనశాల ఉండనే ఉన్నది. ఆ ఒక్క దినం కోసం గాలే కోటను, జాఫ్నాను, అనూరాధపురాన్ని విడిచిపెట్టినాము. విడిచిపెట్టడం పథకంలో లోపం కాదు, పథకమంటే అదే.

ఇక జనసమ్మర్దం. ప్రతి పౌర్ణమి అక్కడ ‘పోయ’ అనే సెలవుదినం. కార్యాలయాలు మూసివేస్తారు, ఆలయాలకు జనం తరలివస్తారు. కాబట్టి పంచాంగం చూచి తేదీలు నిర్ణయించుకోవలె. కొండ రైలులో కూర్చోవలెనంటే ముందుగానే స్థలం కేటాయింపు చేయించుకోవలె. ఆలయాలలో భుజాలు, మోకాళ్ళు కప్పుకొని, చెప్పులు, టోపీ విడిచి ప్రవేశించవలె. బుద్ధుని విగ్రహానికి వీపు పెట్టి ఫోటో తీయించుకోవడం అక్కడివారికి మనస్తాపం కలిగిస్తుంది.

క్యాండీలో తెలుగువారికి ఒక స్మృతి కూడ ఉన్నది. 1739 నుండి 1815 వరకు దానిని ఏలిన నాయక్కరు రాజులు తెలుగు మూలంగల మధుర నాయకుల బంధువర్గం వారు. చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుని ఆంగ్లేయులు పదభ్రష్టుని చేసి వేలూరు కోటకు తెచ్చినారు. 1832లో ఆయన అక్కడనే మరణించినాడు. నేటికీ ఆ దీవిలో అహికుంటకులనే పాములవాండ్ర కుటుంబాలు ఒక విధమైన తెలుగు మాట్లాడుతవి. ఐనా దారిలో మనకు ఉపయోగపడేవి ఇంగ్లీషు, తమిళం. మరునాడు పోవలసిన ఊరి పేరు బసలోనివారిచేత సింహళ లిపిలో చీటీమీద వ్రాయించుకుంటే బస్సుల వద్ద తడబాటు ఉండదు.

శరీరం సంగతి. నువర ఎలియ సుమారు 1,870 మీటర్ల ఎత్తున ఉన్నది. వేయి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది గనుక కొలంబోలో చెమట పట్టినవారికే అక్కడ శాలువా కావలె. ఏ నెలలోనైనా సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో ప్రొద్దు క్రుంకుతుంది. సంధ్య ఎంతోసేపు నిలువదు. స్త్రీ అయినా పురుషుడైనా అయిదింటికల్లా బస చేరడం ఒంటరి ప్రయాణంలో మంచి నియమం. మలేరియా లేని దేశంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను ప్రకటించింది. కాని డెంగ్యూ ఉన్నది. ఆ దోమ పగలే కుడుతుంది గనుక నిండు చేతుల చొక్కా అవసరం. జ్వరం వస్తే ఆస్పిరిన్ మ్రింగక వైద్యుని చూడవలె. కుక్కగాని కోతిగాని కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలె. అంబులెన్సుకు 1990, పోలీసులకు 119.

చివరగా ఇంట్లో చేయవలసిన పని. ప్రవేశానుమతి నియమాలు మారుతూ ఉంటవి. విమానం టిక్కెట్టు కొనకముందే ఆ దేశపు అధికార ప్రకటన చూడవలె. మొదటి రాత్రికి, చివరి రాత్రికి బస ముందే కుదుర్చుకోవలె. డబ్బును రెండుచోట్ల దాచవలె. పాస్‌పోర్టు నకలొకటి, రోజువారీ పథకం ప్రతియొకటి ఇంట్లో ఉంచవలె. ప్రతి సాయంత్రం ఒక నిర్ణీత వేళకు కబురు పంపుతానని చెప్పడమే కాదు. మరునాటి మధ్యాహ్నం వరకు కబురు రాకపోతే ఎవరిని విచారించవలెనో కూడ వ్రాసి ఇవ్వవలె. అప్పుడు ఇంట్లోవారు ఊరక కలవరపడరు; నిజంగా ఆపద వస్తే ఆలస్యమూ చేయరు. ఒంటరి ప్రయాణికుడు ఒంటరిగా నడుస్తాడు గాని, అతని పథకంలో ఇంటివారందరికీ పాలు ఉండవలె.